గొంతులు గేటు దగ్గరే

నల్లమల అంచున ఉన్న గుండంపెంట వనవిహారంలో గుడారం వేసుకుని ఒక రాత్రి గడపాలనుకునేవాళ్ళు తమ గొంతులను గేటు దగ్గర జాడీల్లో అప్పగించి లోపలికి వెళ్ళాలి. సెలవుల్లో వచ్చే జనం అరుపులకు జింకలు పక్క జిల్లాకు తరలిపోతున్నాయని గమనించి పెట్టిన నిబంధన ఇది. మొదట్లో పాటల పెట్టెలను మాత్రమే ఆపేవారు. అవి ఆపితే జనం వాటికన్నా గట్టిగా పాడటం మొదలుపెట్టారు కాబట్టి గొంతులే తీసుకోవాల్సి వచ్చింది. దీని మీద ఎవరూ ఫిర్యాదు చేయలేదు. క్యూ పొడుగ్గా ఉంటోందని మాత్రం చేశారు.

శనివారం పొద్దున ఆ క్యూలో మద్దిలేటి కుటుంబం నిలబడింది. మద్దిలేటి వాళ్ళ ఊరి బస్టాండులో విచారణ కౌంటరు దగ్గర కూర్చుంటాడు, మైకులో బస్సుల రాకపోకలు చెబుతాడు. అతని వెంట భార్య నాగవేణి, తొమ్మిదేళ్ళ కూతురు పూజిత, సింగం అనే నాటు కుక్క, నవాబు అనే పుంజు ఉన్నారు. కుక్కనూ పుంజునూ ఊళ్ళో వదిలి వస్తే పక్కింటివాళ్ళు ఒకదాన్ని కొడతారనీ, రెండోదాన్ని కోసుకు తింటారనీ పూజిత ఏడ్చింది కాబట్టి వాటినీ తెచ్చుకున్నారు. పెంపుడు జంతువులకు లోపల అభ్యంతరం లేదు. అవి కూడా గొంతు అప్పగించాలి, అంతే.

గొంతులు తీసుకునే గదిలో బాలస్వామి అనే గుమాస్తా ఉన్నాడు. వెనక అరల నిండా జాడీలు, ఒక్కోదాని మూతికి బట్ట, బట్ట మీద అంకె వేసిన ఇత్తడి బిళ్ళ.

"జాడీలో మూతి పెట్టి, పేరు, ఇంటిపేరు, ఊరు చెప్పాల. ఉత్త గాలి వచ్చేదాకా మాట్లాడుతూనే ఉండాల. పొద్దున్నే వచ్చి బిళ్ళ చూపిచ్చి, మజ్జిగ తాగినట్ల తాగేస్తే మీ గొంతు మీకొచ్చేస్తాది," అని అతను అందరికీ చెప్పిన మాటే చెప్పాడు.

వాళ్ళ ముందు రంగనాయకులు గారు ఉన్నారు. ఆయన జిల్లాలో ఒక పెద్దాఫీసరు, భార్యతో సరదాగా వచ్చారు. ఆయన కోసం బాలస్వామి ఆవకాయ పెట్టే పెద్ద జాడీ దించి, దాని కింద పీట వేశాడు. ఆయన అందులోకి, "ఎవరక్కడ? ఇదేంటి? వెంటనే చూడండి" అని కాసేపు అన్నారు. జాడీ నిండింది. బాలస్వామి దాన్ని రెండు చేతులతో ఎత్తి పై అరలో పెట్టాడు.

మద్దిలేటి గొంతు ఖాళీ కావడానికి చాలా సేపు పట్టింది. జాడీలోకి అతను అన్ని రూట్ల బస్సులూ చెప్పాడు. సింగాన్ని ఇంకో కుక్కను చూపించి మొరిగించారు. నవాబు తనకు తోచినప్పుడే కూసింది. నాగవేణికి నిమ్మకాయ ఊరగాయ పెట్టేంత చిన్న జాడీ ఇచ్చారు. ఆమె ఒక్క ఊపిరిలో ముగించింది.

"ఇంతేనామ్మా?" అన్నాడు బాలస్వామి.

ఇంతే అని చెప్పబోయింది. ఆ మాటకు సరిపడా గొంతు కూడా మిగల్లేదు. తల ఊపింది.

పూజిత మాత్రం జాడీ పట్టుకుని ఆగిపోయింది. ఆ పిల్ల రోజంతా ప్రశ్నలు అడుగుతూనే ఉంటుంది. ఇప్పుడూ అడిగింది. "లోపల చీకటి కదా అంకుల్, నా గొంతు భయపడదా?"

"పడదులేమ్మా. పక్కనే మీ యమ్మది పెడతా."

అతను అన్న మాట ప్రకారం రెండు జాడీలనూ పక్కపక్కనే పెట్టడం చూశాకే పూజిత కదిలింది.

లోపల వాళ్ళకు కేటాయించిన చోటు వాగు ఒడ్డున, రెండు మద్దిచెట్ల మధ్య ఉంది. గుడారం తొందరగానే నిలబడింది. మద్దిలేటి పక్కన నిలబడి ఏ తాడు ఎక్కడ కట్టాలో చెప్పే వీలు లేకపోవడమే దానికి కారణం. చెప్పలేక అతను కొంతసేపు చేతులు ఊపాడు, అలిసిపోయి ఒక బండ మీద కూర్చున్నాడు. తర్వాత మేకు కొట్టడానికి వచ్చి సాయం పట్టాడు. సింగం జింకలను చూసి నోరు తెరిచింది, ఏమీ రాకపోతే కాళ్ళ వైపు చూసుకుని మళ్ళీ ప్రయత్నించింది, చివరికి పడుకుంది. జింకలు దాని పక్కనుంచే నీళ్ళకు వెళ్ళాయి.

నాగవేణికి గొంతు లేకపోవడంతో పెద్ద తేడా తెలియలేదు. ఇంట్లో ఆమె చెప్పే మాటలు రెండోసారి చెబితే కానీ ఎవరికీ అందేవి కావు, రెండోసారి చెప్పేసరికి ఆ పని ఆమే చేసేసి ఉండేది. ఆమెకు కష్టమనిపించింది పూజిత మౌనం. పిల్ల ఒక పురుగును చూపించి కళ్ళు పెద్దవి చేసేది, పెదాలు కదిపేది. ఆ ప్రశ్న ఏమై ఉంటుందో నాగవేణి ఊహించుకుని, జవాబు ఊహించుకుని, దాన్ని చేతులతో చెప్పలేక పిల్ల తల నిమిరేది.

మధ్యాహ్నం అన్నం వండుతుండగా ఆమె తలెత్తి చూసింది. పూజిత వాగు దాటి అవతలి గట్టు మీద పువ్వులు కోస్తోంది. ఆ పిల్ల వెనక పొదలోంచి ఒక అడవిపంది బయటికి వస్తోంది. నాగవేణి నోరు తెరిచి కూతుర్ని పిలిచింది. ఏమీ వినబడలేదు. మళ్ళీ పిలిచింది. మద్దిలేటి గుడారంలో నిద్రపోతున్నాడు. ఆమె చేతిలో ఉన్న గరిటెతో స్టీలు గిన్నెను శక్తికొద్దీ బాదడం మొదలుపెట్టింది. అడవంతా మోగింది. పూజిత వెనక్కి తిరిగి, పందిని చూసి, నీళ్ళలోకి దూకి పరుగెత్తుకు వచ్చింది. పంది పొదలోకి వెళ్ళిపోయింది. నాగవేణి పిల్లను గట్టిగా పట్టుకుని కూర్చుంది.

కొద్దిసేపటికి అడవి కాపలాదారు లింగన్న వచ్చాడు. కాపలావాళ్ళందరికీ కలిపి ఒకే డ్యూటీ గొంతు ఉంది. ఆ పూట అది అతని దగ్గర ఉంది.

"ఈ గిన్నెది గొంతు అప్పగించినారా?" అని అడిగాడు.

లేదని నాగవేణి తల అడ్డంగా ఊపింది.

"అదేమ్మా తప్పు. మీది ఇచ్చి గిన్నెది దాచుకుంటే యెట్ల? జింకలకు మనిషి అరుపైనా ఒకటే, గిన్నె అరుపైనా ఒకటే."

అతను భుజాన ఉన్న సంచిలోంచి ఖాళీ జాడీ తీసి, దాని మూతి దగ్గర గిన్నెను బాదమన్నాడు. నాగవేణి బాదింది. క్రమంగా శబ్దం సన్నబడి ఆగిపోయింది. అతను బట్ట కట్టి, బిళ్ళ ఇచ్చి వెళ్ళాడు. ఆ తర్వాత ఎంత కొట్టినా గిన్నె దూదిని కొట్టినట్టే ఉంది. ఆ సాయంత్రమంతా నాగవేణి పూజిత చెయ్యి వదలలేదు.

ఆదివారం పొద్దున వాళ్ళు గేటు దగ్గరికి వచ్చేసరికి గది తలుపు ఊడి ఉంది. తెల్లవారుతుండగా కోతుల గుంపు ఒకటి వచ్చి, జాడీలను చూసి లోపల ఊరగాయ ఉందనుకుని మూతలు లాగేసింది. కొన్ని జాడీలు దొర్లాయి, బిళ్ళలు చెల్లాచెదురయ్యాయి. ఒలికిన గొంతులను బాలస్వామి గరిటెతో ఎత్తి, తన అనుభవం కొద్దీ తిరిగి నింపి, బిళ్ళలు తగిలించి పెట్టాడు. ఆ సంగతి దాచలేదు. "రవ్వంత అటూ ఇటూ అయిండచ్చు, సర్దుకోండప్పా," అంటూనే ఒక్కొక్కరికి అందించాడు.

పుంజుకూ గిన్నెకూ వాటి గొంతులే దొరికాయి. మద్దిలేటి తన జాడీ తాగి, బాగానే ఉందని చెప్పబోయి మొరిగాడు. సింగం తన జాడీ నాకి, తలెత్తి, బస్టాండు మైకు గొంతుతో, "ఎవురది? యాడికి? ఎవురది? పో, పో!" అంది.

పూజిత జాడీ వంచింది. అందులో ఏమీ లేదు. పిల్ల దాన్ని తిరగేసి అడుగున తట్టింది.

అప్పుడే గది వెనక చింతచెట్టు మీది నుంచి, "అమ్మా! ఇది ఏం చెట్టు మా? దీనికి కాయలెందుకు లేవు మా?" అని వినిపించింది. అందరూ పైకి చూశారు. ఒక పిల్లకోతి కొమ్మ మీద కూర్చుని చెవి గోక్కుంటోంది.

నాగవేణి గబగబా తన జాడీ ఎత్తి తాగేసింది. అది చిన్న జాడీయే. కానీ తాగుతుంటే ఎంతకీ అయిపోలేదు, గొంతులో ఏదో బరువుగా దిగింది.

"మా పాప గొంతు యాడ?" అంది.

అది రంగనాయకులు గారి గొంతు. బాలస్వామి లేచి నిలబడ్డాడు. చొక్కా పై బొత్తాం పెట్టుకున్నాడు. బయట బెంచీ మీద నిద్రపోతున్న ఇద్దరు కాపలావాళ్ళు కూడా లేచి నిలబడ్డారు. ఎందుకు నిలబడ్డారో నాగవేణికి అర్థం కాలేదు. తన వెనక ఎవరైనా వచ్చారేమో అని తిరిగి చూసింది.

"అర్జీ పెట్టుకో..." అని మొదలుపెట్టిన బాలస్వామి, "పెట్టుకోవాల్సిన పనే లేదు, ఇప్పుడే చూస్తాం," అని ముగించాడు. కాసేపటికే రెండు జీపులు, నిచ్చెనలు, వల, ఒక గెల అరటిపళ్ళు వచ్చాయి. ఆమె అడిగింది ఆ ఒక్క మాటే.

అదే సమయంలో రంగనాయకులు గారు తన పెద్ద జాడీ తాగి, "ఏంటీ గందరగోళం? నా కారు తెప్పించండి" అన్నారు. సన్నటి, మెత్తటి గొంతు వచ్చింది. "ఉండమ్మా, పనిలో ఉండాం," అన్నాడు ఆయన కారు డ్రైవరే, చెట్టు వైపు చూస్తూ. ఆయన భార్యను పిలిచారు. ఆమె ఫోన్లోంచి తల ఎత్తకుండానే, "ఆగు కాసేపు" అంది. ఆయన గట్టిగా అరిచారు. ఆ గొంతుకు గట్టిగా అరవడం అలవాటు లేక మధ్యలో చీలింది. తర్వాత ఆయన చాలాసేపు తాను ఎవరో, తన హోదా ఏమిటో వివరించారు. చుట్టూ ఉన్నవాళ్ళు ఆయన వైపు చూడకుండానే పక్కకు జరిగి దారి ఇచ్చారు.

చివరికి ఆయన నాగవేణి దగ్గరికి వచ్చారు. "అది నా గొంతు. ఇచ్చేయండి. మీ పాప సంగతి నేను చూస్తాను, మాట ఇస్తున్నాను."

నాగవేణి తన గొంతును బయటి నుంచి వినడం అదే మొదటిసారి. వినడానికి బాగానే ఉంది, ఎందుకు ఎవరూ వినేవారు కాదో అనుకుంది.

"మాట ఇస్తాండారు గానీ సార్," అంది. "ఆ గొంతుతో నేను ఎన్నో మాటలిచ్చినా, ఎన్నో అడిగినా. ఒక్కటన్నా ఎవురూ లెక్క పెట్టలేదు. ఇప్పుడు దాంతోనే మీరు మాటిస్తే ఎవురు లెక్క పెడతారు?"

రంగనాయకులు గారు ఇంకేదో చెప్పబోయారు. పనివాళ్ళు నిచ్చెన పట్టుకుని ఆయన్ను తోసుకుంటూ వెళ్ళారు.

కోతి దిగలేదు. వల వేయబోతే లింగన్న అడ్డుపడి, అడవి జంతువు దగ్గరున్నదాన్ని బలవంతంగా తీసుకోకూడదనీ, అది తనంతట తానే దిగివచ్చి జాడీలో వదలాలనీ నిబంధన చెప్పాడు. అరటిపళ్ళు చూపించారు. అది ఒక పండు అందుకుని పైకెక్కి తిని, తొక్క పడేసి, "అమ్మా, కోతులకు బడి ఉంటాదా మా?" అని అడిగింది. కింద పూజిత రెండు చేతులతో నోరు మూసుకుని నిలబడి ఉంది.

నాగవేణి చెట్టు కిందికి వెళ్ళి, "దిగు" అంది. ఆ గొంతుకు జీపుల డ్రైవర్లు దిగారు, నిచ్చెన మీదున్న మనిషి దిగాడు. కోతి మాత్రం దిగలేదు. దానికి హోదా తెలియదు. పైగా దాని దగ్గరున్నది పూజిత గొంతు, ఆ గొంతుకు ఈ పిలుపు కొత్త. అది భయపడి ఇంకో కొమ్మ పైకెక్కింది.

అప్పుడు నాగవేణికి విషయం తట్టింది. రంగనాయకులు గారి దగ్గరికి వెళ్ళింది. "మీరు పిలవండి సార్."

"నేనా? కోతినా?"

"నా గొంతు మీ తావ ఉండాది."

ఆయన చెట్టు కింద నిలబడి, "ఏయ్, కిందికి రా" అన్నారు. కోతి వంగి చూసింది కానీ కదల్లేదు.

"అట్ల కాదు సార్. 'పూజీ, దామ్మా, అన్నం కలిపినా' అనాల."

రంగనాయకులు గారు చుట్టూ చూశారు. అలాంటి మాట ఆయన ఎప్పుడూ ఎవరితోనూ అనలేదు. ఒకసారి గొంతు సవరించుకుని, మెల్లగా అన్నారు. "పూజీ... దామ్మా. అన్నం కలిపినా."

కోతి గోక్కోవడం ఆపింది. కొమ్మ వెంట జారి, మాను పట్టుకుని, వెనకవైపుగా కిందికి దిగింది. ఆయన పాదాల దగ్గర కూర్చుని పైకి చూసింది. "పప్పన్నమా మా?" అంది. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన భార్య ఫోన్ పక్కన పెట్టి మొదటిసారి ఆయన్ను చూసింది.

బాలస్వామి జాడీ పట్టాడు. రంగనాయకులు గారు అడిగితే కోతి ఉన్న ప్రశ్నలన్నీ అందులోకి అడిగేసి, ఉత్త కోతిగా మారి చెట్టెక్కేసింది. పూజిత ఆ జాడీ ఒక్క గుక్కలో తాగి, "అమ్మా!" అని అరిచింది.

"ఏందమ్మా," అంది నాగవేణి చేతులు చాచి.

పిల్ల రెండడుగులు వేసి ఆగిపోయింది. "సార్..." అంది భయంగా. పక్క నుంచి రంగనాయకులు గారు, "ఏం కాలేదులేమ్మా" అన్నారు. పూజిత వెళ్ళి ఆయన పంచె పట్టుకుంది.

బాలస్వామి మిగిలిన విషయం చెప్పాడు. తాగేసిన గొంతులను మళ్ళీ జాడీలోకి వదిలి మార్చుకోవాలంటే ఇద్దరికీ లోపల బస ఉండాలి. శ్రావణం దాకా అన్ని రోజులూ నిండిపోయాయి. శ్రావణ మాసంలో ఒక శనివారం మాత్రం ఖాళీ ఉంది. "అన్యాయం, ఇప్పుడే మార్చండి," అన్నారు రంగనాయకులు గారు. "నువ్వుండమ్మా," అని ఆయనతో అని, బాలస్వామి నాగవేణి ఏమంటుందోనని ఆమె వైపు చూశాడు.

ఇప్పుడే మార్చండి అని ఆమె అంటే ఆ క్షణమే మార్చేవారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. నోరు తెరిచింది. జీపుల దగ్గరివాళ్ళు, నిచ్చెనవాళ్ళు, కాపలావాళ్ళు, అందరూ ఆమె ఏమంటుందో అని నిలబడి ఉన్నారు. ఆమె కోసం ఎవరూ ఎప్పుడూ అలా నిలబడలేదు.

"శ్రావణమే రాయండి," అంది.

ఇంటికి వచ్చాక అంతా సర్దుకుంది. బస్టాండు అధికారులు ఉద్యోగం గొంతుకు ఇచ్చిందే కాని మనిషికి కాదని తేల్చి, సింగాన్ని కౌంటరులో కూర్చోబెట్టారు. అది వచ్చినవాళ్ళను, "ఎవురది? యాడికి? పో, పో!" అంటోంది. ప్రయాణికులు తేడా గమనించలేదు. మద్దిలేటి దానికి మధ్యాహ్నం అన్నం తీసుకువెళతాడు. ఇంట్లో అతనికి రెండు రకాల మొరుగులు సరిపోతున్నాయి, ఆకలేసినప్పుడు ఒకటి, కోపం వచ్చినప్పుడు ఒకటి. అంతకుముందు కూడా అతను ఇంట్లో ఆ రెండు విషయాలే మాట్లాడేవాడు.

వాళ్ళ వీధికి కుళాయి నీళ్ళు వారానికోసారి వచ్చేవి. నాగవేణి మునిసిపల్ ఆఫీసుకు ఫోన్ చేసి, "నీళ్ళు రావడం లేదు" అంది. మర్నాటి నుంచి రోజూ వస్తున్నాయి. అదే మాటను అవే పదాలతో ఆమె అంతకుముందు ఎన్నోసార్లు స్వయంగా వెళ్ళి చెప్పి వచ్చింది. తర్వాత వీధి దీపాలు వెలిగాయి, ఎదురింటి ముసలమ్మకు ఆగిపోయిన పింఛను వచ్చింది. పొద్దున్నే వాకిట్లో ఆడవాళ్ళు చేరి, "అక్కా, ఒక్క మాట చెప్పు" అని అడగడం మామూలైంది.

పూజిత అన్నం తినే వేళకు రోజూ రంగనాయకులు గారు ఫోన్ చేస్తారు. ఆఫీసులో ఇప్పుడు ఆయన మాట ఎవరూ పూర్తిగా వినడం లేదు, మొదటి ముక్కకే కింది ఉద్యోగి అందుకుని తన సంగతి మొదలుపెడుతున్నాడు. ఆయన చెప్పేది చివరిదాకా వినేది పూజిత ఒక్కతే. ఆయన కథలు చెబుతారు, ప్రశ్నలకు ఓపిగ్గా జవాబిస్తారు, మధ్యమధ్యలో "ఇంకో ముద్ద తినమ్మా" అంటారు. నాగవేణి ముద్దలు కలిపి నోటికి అందిస్తుంది. అప్పుడు ఆమె మాట్లాడదు. మాట్లాడితే పిల్ల నిటారుగా కూర్చుని మింగడం మానేస్తుంది.

శ్రావణం వచ్చింది. వనవిహారం నుంచి ఫోన్ వచ్చిన పొద్దున వాకిట్లో ఆడవాళ్ళు మామూలు కంటే ఎక్కువమంది ఉన్నారు. ఎవరూ ఏమీ అడగలేదు. గొంతు మారితే నీళ్ళు మళ్ళీ ఆగిపోతాయేమోనని ఖాళీ బిందెలు పట్టుకుని నిలబడ్డారు. నాగవేణి లోపలికి చూసింది. పూజిత బడికి వెళ్ళడానికి జడ వేసుకుంటోంది, తనంతట తానే, వంకరగా.

"ఈసారికి వాయిదా వేయండి," అంది నాగవేణి ఫోన్లో. ఆ గొంతుతో చెప్పింది కాబట్టి వెంటనే వేశారు.

ఆ శనివారం రంగనాయకులు గారు గుడారం మూట భుజాన వేసుకుని ఒంటరిగా గేటు దగ్గరికి వచ్చారు. అవతలివాళ్ళు వాయిదా వేసుకున్నారని బాలస్వామి చెప్పాడు. ఇది తనను అడగకుండా చేసిన పని అనీ, ఒప్పుకోననీ ఆయన అన్నారు. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ అన్నారు.

"ఆ పక్కన నిలబడమ్మా, పిలుస్తాం," అన్నాడు బాలస్వామి, వేరే జాడీకి బట్ట కడుతూ.

ఆయన వెళ్ళి నిలబడ్డారు. అక్కడ అప్పటికే చాలామంది నిలబడి ఉన్నారు. అందరూ ఏదో చెబుతూనే ఉన్నారు.